రైట్ రైట్ గారు పంపించేసిన బస్సు

డిపోలో ఆయన్ని అందరూ రైట్ రైట్ అని పిలిచేవారు. సొంత పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడేది కాదు. ఉద్యోగం అయిపోయాక ఆ పిలుపు చివర ‘గారు’ చేరింది, అంతే తేడా. సిటీ బస్సు కండక్టరుకు కూర్చోవడానికి ఒక సీటు ఉంటుందన్న సంగతి ఉద్యోగమంతా ఆయన పట్టించుకోలేదు. ఆ సీట్లో ఆయన సంచీ కూర్చునేది. ఆయన మాత్రం ముందు గుమ్మం నుంచి వెనక గుమ్మానికీ, వెనక నుంచి ముందుకూ జనాన్ని తోసుకుంటూ తిరుగుతూనే ఉండేవాడు. బస్సు ఖాళీగా ఉన్నా తిరిగేవాడు. డ్రైవర్లు అద్దంలోంచి చూసి నవ్వుకునేవారు.

అలాంటి మనిషి చేతిలో ఒకరోజు గోడ గడియారం పెట్టి, ఇక హాయిగా ఇంట్లో కూర్చోమన్నారు. ఆయనకు చేతకానిదల్లా అదొక్కటే.

ఇల్లు మూడు గదులు. అందులో కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. భార్య వంటగది గుమ్మంలో నిలబడితే, ‘గుమ్మంలో నిలబడకండి, లోపలికి జరగండి’ అనేవాడు, అదీ కట్టుకున్న పెళ్ళాన్ని పట్టుకుని అండీ అంటూ. చుట్టాలొచ్చి వెళ్ళేటప్పుడు అందరినీ చెప్పులు వేసుకోనిచ్చి, వీధి అటూ ఇటూ చూసి, తలుపు మీద అరచేత్తో రెండు చరుపులు చరిచేవాడు. ఒక్క చరుపయితే ఆగు, రెండయితే కదులు. ఆ భాష తెలియని చుట్టాలు తమను తరిమేస్తున్నాడని అపార్థం చేసుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి.

ఆవిడ ఓర్పు గురించి అత్తగారి వైపు వాళ్ళు కథలు కథలుగా చెప్పుకునేవారు. ఆవిడకు మాత్రం అది ఓర్పని తెలియదు. తెల్లారకముందే వెళ్ళి పిల్లలు నిద్రపోయాక వచ్చే మొగుడితో సంసారం చేసిన మనిషి. ఆయన పగటిపూట ఇంట్లో కనపడటమే ఆవిడకు కొత్త. ఎవరో పనివాణ్ణి పిలిపించి, పని చెప్పడం మరిచిపోయినట్టు ఉండేది.

పెద్దమ్మాయి ఒక ఉపాయం ఆలోచించి, మంచి కెమెరా ఉన్న ఫోను కొనిచ్చింది. ఫోటోలు తీసుకుంటూ నాన్న కుదురుగా ఉంటాడని పిచ్చిపిల్ల ఆశ. ఆయన ఫోటోలు తీసిన మాట నిజమే. అన్నీ బస్సులే. మేనకోడలి పెళ్ళికి వెళ్ళి, పెళ్ళివారు దిగిన బస్సును నాలుగు వైపులనుంచీ తీసుకొచ్చాడు. పెళ్ళికూతురు ఒక్క దాంట్లోనే ఉంది, అదీ అద్దం వెనక మసకగా.

ఏదీ నోరు తెరిచి అడగని ఆవిడ ఒకసారి గిన్నెలు తోముతూ, నది సముద్రంలో కలిసే ఊరు ఒకటుందట కదా, అది చూడాలని ఉందండీ, అంది. మర్నాడే ఆయన సంచీ సర్దాడు. భార్య కోరిక తీర్చాలన్న తొందర కొంత, ఇంట్లోంచి బయటపడాలన్న తొందర అంతకన్నా ఎక్కువ. ఊరు చూడాలంటే ఆ ఊరివాళ్ళు ఎక్కేవే ఎక్కాలి, కార్లలో తిరిగితే ఏం తెలుస్తుంది, అని రైల్లో కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడు. దిగగానే బస్సుల యార్డు ఎదురుగా లాడ్జిలో గది తీసుకున్నాడు. నది వైపు గది ఉంది, కిటికీ పెద్దది, అని లాడ్జి మనిషి ఎంత చెప్పినా వినలేదు.

ఇక చూడండి ఆయన సంబరం. ఆ ఊళ్ళో బస్సులున్నాయి, షేర్ ఆటోలున్నాయి, నది మీద లాంచీలున్నాయి, పాత వీధుల్లో గంట కొట్టుకుంటూ పోయే ట్రాము ఉంది. పొద్దున లేస్తూనే ఏదో ఒకటి ఎక్కడం, చివరిదాకా పోవడం, దిగి టీ తాగి ఇంకోటి ఎక్కడం. టికెట్ మిషన్ ఫోటో. బెల్లు తాడు ఫోటో. గేరు రాడ్డు ఫోటో, దాని మీద డ్రైవరు చెయ్యి. ట్రాము డ్రైవరుతో స్నేహం కట్టి, బ్రేకు ఎలా పడుతుందో అడిగి, తన బస్సు బ్రేకు పడకపోతే తిన్నగా ఇసక కుప్పలోకి పోనిచ్చి యాభైమందిని కాపాడిన డ్రైవరు కథ చెప్పాడు. ఆ కథ ఆవిడకు కంఠతా వచ్చు. ఇసక కుప్ప రావడానికి ముందే కిటికీ వైపు తిరిగేది.

ఆవిడ కిటికీ దగ్గర కూర్చుంటే ఆయన పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడేవాడు. ఈ డ్రైవరు క్లచ్చు ఎక్కువ తొక్కుతున్నాడు, ఆ స్టాపు తప్పు చోట పెట్టారు, ఈ మలుపులో మా వాడైతేనా, అంటూ చెవిలో జోరీగలా చెబుతూనే ఉండేవాడు. నది ఎప్పుడు చూద్దామండీ అంటే, బస్సులన్నీ నది పక్కనుంచేగా పోతున్నాయి, చూడు, అనేవాడు. ఆవిడ అటు చూసేసరికి, అదిగో ఎదురుగా డబుల్ డెక్కరు, అని ఇటు తిప్పేవాడు.

ఆయన ఫోను బస్సులతో నిండిపోయింది. ఇక ఇది తీసుకోనంటోందని ఆవిడ ఫోను తీసుకుని దాంతో మొదలుపెట్టాడు.

అలాంటి ఒక పొద్దున, సంత వీధి మొగలో, పొడుగాటి నీలం బస్సు వచ్చి ఆగింది. కొత్తబండి, ఒంటి మీద గీత లేదు. నువ్వెక్కు, నేనొక ఫోటో తీసి వస్తా, అని ఆవిణ్ణి ముందు గుమ్మంలోంచి ఎక్కించాడు. నాలుగడుగులు వెనక్కి వేసి ఆవిడ ఫోన్లో ముందు భాగం తీశాడు. పక్కకు వచ్చి పక్క భాగం తీశాడు. ఆ బస్సు కండక్టరు లోపల ఎవరితోనో చిల్లర గొడవలో ఉన్నాడు. వెనక గుమ్మంలో ఒక ముసలాయన మూటతో ఎక్కలేక అవస్థ పడుతుంటే రైట్ రైట్ గారు మూట అందించి, ఆయన్ని నడుం పట్టి పైకెక్కించి, కింద ఎవరూ మిగల్లేదని అటూ ఇటూ చూసి, బస్సు ఒంటి మీద అరచేత్తో రెండు చరుపులు చరిచి, గొంతెత్తి రైట్ రైట్ అన్నాడు.

డ్రైవరు ఎవరి గొంతని చూస్తాడా? బస్సు కదిలింది.

ఎంత బాగా కదిలిందంటే, ఒక్క కుదుపు లేదు. రైట్ రైట్ గారి ముఖం వెలిగిపోయింది. ఫోను ఎత్తి, వెళ్ళిపోతున్న బస్సు వెనక భాగాన్ని కూడా ఒక ఫోటో తీశాడు. అది మలుపు తిరిగాక గానీ అందులో తన భార్య ఉందన్న సంగతి తట్టలేదు.

రెండు ఫోన్లూ తన దగ్గరే ఉన్నాయి. బస్సు పోయిన దారంతా కాసేపు పరుగెత్తాడు. సంతలో జనం తప్పుకుంటూ, జేబు కొట్టేశారేమోనని అయ్యో పాపం అన్నారు. రొప్పుతూ ఒక షేర్ ఆటోలో కూలబడి, ముందు నీలం బస్సు, దాని వెనకే పోనీ, అన్నాడు. ఆటో నిండితే గానీ కదలనని ఆటోవాడు. మనుషులు నిండితే గానీ బండి తీయని డ్రైవర్లను ఉద్యోగమంతా మెచ్చుకున్న ఆయనకు ఆ క్షణాన వాణ్ణి కొట్టాలనిపించింది.

తర్వాతి స్టాపులో దిగి నిలబడి ఉంటుంది. దిగక ఏం చేస్తుంది? అనుకుంటూ మెడ చాచి చూశాడు. ఆ స్టాపులో ఇద్దరు పిల్లలూ ఒక కుక్కా ఉన్నాయి. అయితే కంగారులో ఒక స్టాపు దాటిపోయి ఉంటుందిలే అనుకున్నాడు. ఆ తర్వాతి స్టాపులో కుక్క కూడా లేదు. లాడ్జికి ఫోన్ చేస్తే రాలేదన్నారు. ఆటో అక్కడితో సరి, ఇక వెనక్కి పోతుందట. దిగిన చోటే లాంచీల రేవు పక్కన బస్సుల కంట్రోలర్ గది కనపడితే ఒక్క ఉరుకులో లోపల పడ్డాడు.

కంట్రోలర్ తీరిగ్గా గ్లాసు కింద పెట్టి, ఏ బస్సు అన్నాడు. రైట్ రైట్ గారు బండి నంబరు చెప్పాడు. డ్రైవరుకు బొద్దు మీసం, ఎడం చేతికి రాగి కడియం, వెనక టైరు కొత్తది, అని కూడా చెప్పాడు. కంట్రోలర్ ముచ్చటపడి, మరి ఆవిడ ఏ రంగు బట్టలు కట్టుకుంది, అని అడిగాడు.

రైట్ రైట్ గారు తల గోక్కున్నాడు. పచ్చో, నీలమో. నీలం బస్సు కదా. కాదు, నిన్న నీలం.

పోనీ ఫోటో ఉందా, డ్రైవరుకు పంపిద్దాం, అన్నాడు కంట్రోలర్. ఫోటోలకేం తక్కువ. తన ఫోను తీసి వేలితో తోయడం మొదలుపెట్టాడు. బస్సు. బస్సు. ట్రాము చక్రం. లాంచీ ఇంజను. స్టీరింగు. కిటికీ. కిటికీ దగ్గర భుజం. టికెట్ మిషన్, దాని వెనక సగం జడ. మళ్ళీ బస్సు. కమ్మీని పట్టుకున్న చెయ్యి, గాజుతో. ఆవిడ ఫోను తీశాడు. అందులోనూ అంతే. ఊరు కాని ఊరొచ్చి ఇన్ని ఫోటోలు తీస్తే, ఆవిడ ముఖం ఒక్కదాంట్లో పడలేదు. అయినా వెనక్కీ ముందుకూ తోస్తూనే ఉన్నాడు.

కంట్రోలర్ మెడ వంచి చూసి, అడిగాడు.

“ఇందులో మీ ఆవిడ ఎవరండీ?”

“ఈ చెయ్యి,” అన్నాడు రైట్ రైట్ గారు.

కంట్రోలర్ మంచివాడు, నవ్వలేదు. బస్సు వంతెన మీదుగా చుట్టు తిరిగి ఏటి అవతల చివరి స్టాండుకు పోతుందనీ, లాంచీలో అడ్డంగా దాటితే దానికన్నా ముందో వెనకో చేరొచ్చనీ చెప్పి, రేవులోకి తనే తీసుకెళ్ళి ఎక్కించాడు.

లాంచీలో ఆయన ఒకచోట ఉంటేగా. ఈ చివరినుంచి ఆ చివరికీ, ఆ చివరినుంచి ఈ చివరికీ. మీరు నడిస్తే లాంచీ తొందరగా పోదు బాబాయ్, అని లాంచీ నడిపే సరంగు నవ్వాడు. ఆయనకు వినపడలేదు. ఏడుస్తూ ఉంటుందేమో. ఎవరైనా ఏమైనా అంటారేమో. ఎక్కడ దిగాలో తెలియక, ఏ సందులోకో నడిచిపోయిందేమో. దారి తప్పిన మనుషుల్ని తన బస్సులో ఎంతమందిని చూడలేదు. వాళ్ళందరి ముఖాలూ గుర్తొస్తున్నాయి. ఆవిడ ముఖం అలా ఉంటుందని ఊహించబోతే మాత్రం కుదరడం లేదు. భయపడితే ఆవిడ ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూడలేదు.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆవిడ ఆయన బస్సెక్కింది. ఎక్కడికీ పనిలేదు, మొగుడు పనిచేస్తుంటే చూద్దామని ఎక్కింది. ఆయన దగ్గరికి వచ్చి, టికెట్ చింపి చేతిలో పెట్టి, గుమ్మంలో నిలబడకండి, లోపలికి జరగండి, అన్నాడు. ఆ కథ చెప్పి ఆవిడ ఎన్నేళ్ళో నవ్వించింది అందర్నీ. ఆయనా నవ్వేవాడు. మళ్ళీ ఎప్పుడూ ఎందుకు ఎక్కలేదని మాత్రం అడగలేదు. ఇప్పుడు ఏటి మధ్యన, నీళ్ళు లాంచీ ఒంటిని కొడుతుంటే, ఆ కథలో నవ్వడానికి ఏముందో ఆయనకు తెలియలేదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

అవతలి ఒడ్డున దిగి స్టాండు దాకా పరుగో పరుగు. నీలం బస్సు వచ్చేసి ఉంది. సీట్లన్నీ ఖాళీ. ఒకతను చీపురుతో లోపల ఊడుస్తున్నాడు. రైట్ రైట్ గారు పక్కనే టీ తాగుతున్న ఆ బస్సు కండక్టరును పట్టుకుని, ఒంటరిగా, పెద్దావిడ, ముందు సీట్లో, అంటూ ముక్కలు ముక్కలుగా అడిగాడు.

కిటికీ దగ్గర కూర్చున్నావిడేగా, అన్నాడతను. టికెట్ ఎక్కడికండీ అంటే, ఈ బస్సు ఎక్కడిదాకా పోతే అక్కడికి ఇవ్వమందట. పక్కన కూర్చున్న నర్సమ్మతో దారంతా కబుర్లేనట. ఇద్దరూ కలిసి దిగి, అదిగో, ఆ ఎర్ర బస్సెక్కారని చూపించాడు. తప్పిపోయిందా, అలా ఏం కనపడలేదే, అని ఆశ్చర్యపోయాడు కూడా.

ఎర్ర బస్సు మూడో కిటికీలో ఆవిడ ఉంది. చెయ్యి కమ్మీ మీద పెట్టి, పక్కనున్న నర్సు చెప్పేది వింటూ, పళ్ళు కనపడేలా నవ్వుతోంది. ఆకుపచ్చ కట్టుకుంది. రైట్ రైట్ గారు ఆగిపోయాడు. ముప్పయ్యేళ్ళ పైన బస్సుల వెంట పరుగెత్తి ఎక్కిన మనిషి, ఆగి ఉన్న బస్సు ముందు ఎక్కనా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. ప్రాణం లేచొచ్చింది, దాంతోపాటే కోపమూ వచ్చింది, ఈ రెంటికీ అడుగున మూడోది ఏదో ఉంది, దాన్ని చూడటానికి ఆయనకు ధైర్యం చాలలేదు. ఇంజను మోగడంతో వెనక గుమ్మంలోంచి ఎక్కేశాడు.

ఆవిడ చూసింది. ముఖంలో నవ్వు మెల్లగా సర్దుకుంది. ఆ సర్దుకోవడం ఆయనకు కనపడింది.

దారంతా దాచిన తిట్లన్నీ నాలుక చివర ఉన్నాయి. “తర్వాతి స్టాపులో దిగలేదేం?” అన్నది మాత్రం వచ్చింది.

“దిగుదామనే లేచానండీ,” అంది ఆవిడ. “స్టాపు వచ్చింది. దిగబుద్ధి కాలేదు.”

“ఆ తర్వాతిది?”

“అప్పుడు లేవను కూడా లేదు.” “మీరు కంగారు పడతారని తెలుసు. తెలిసే కూర్చున్నా,” అంది.

ఆయన కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. ఏమైంది నీకు, నేనేం చేశాను, అని అడిగాడో, అడిగాననుకున్నాడో. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది.

“మీరు పక్కనుంటే నాకు ఊరు కనపడదండీ,” అంది. “బస్సే కనపడుతుంది.”

నర్సు ఇబ్బందిగా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. డ్యూటీ దిగి ఇంటికి పోతున్న మనిషి, కళ్ళలో నిద్ర ఉంది. ఈయన మీ వారా అని అడిగి, తడబడి, మరి మీరు ఒక్కరేనన్నట్టు మాట్లాడారు, నేనేమో ఆయన కాలం చేశారనుకుని ఏవేవో ఓదార్పు మాటలు చెప్పాను, క్షమించండి, అంది. ఆవిడ, మీ తప్పేం లేదమ్మా, అంది.

రైట్ రైట్ గారికి వినపడింది. బస్సు అప్పటికే స్టాండు దాటి ఎత్తెక్కుతోంది. ఆయన వంగి, ఎవరికీ వినపడకుండా అడగాలనుకుని, అందరికీ వినపడేలా అడిగాడు.

“నేను పోయాననుకుంటుంటే కాదనలేదా?”

“కాదంటే ఈ నర్సమ్మ బస్సు ఆపించేది కదండీ,” అంది ఆవిడ.

అంతే. ఇంకేమీ లేదు అందులో. పగ లేదు, సాధింపు లేదు. ఒక బస్సు ఆగకుండా ఉండటం కోసం భార్య తనను చనిపోనిచ్చింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోబోతే ఫోను చేతికి అడ్డొచ్చింది. రెండు ఫోన్లూ సంచీలో పడేశాడు. కిటికీ అవతల కింద ఏదో వెడల్పుగా మెరుస్తోంది. దాని పేరేమిటో, ఈ దారి ఎందుకు ఇలా తిప్పారో, డ్రైవరు గేరు ఎప్పుడు మార్చాలో, ఆయన నోట్లోకి వచ్చినవన్నీ అక్కడే ఆగిపోయాయి. ఆవిడ అటే చూస్తోంది. ఆవిడ చూస్తుంటే చెంప పక్కన చర్మం ఎలా ముడతపడుతుందో ఆయన చూశాడు.

నర్సు లేవబోయి, కూర్చోండి బాబాయ్ గారూ, అంది. మీరు కూర్చోండమ్మా, రాత్రంతా నిలబడి వచ్చారు, అని ఆవిడే ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

టికెట్ టికెట్ అంటూ కండక్టరు వచ్చాడు. చిన్నవాడు, హడావిడి మనిషి. నర్సుకు పాసు ఉంది. ఆవిడ తన టికెట్ తను ముందే తీసుకుంది, తీసి చూపించింది. అతను రైట్ రైట్ గారి వైపు తిరిగాడు.

“మీకు ఎక్కడికండీ?”

ఎక్కడికో ఆయనకు తెలియదు. జీవితంలో మొదటిసారి బోర్డు చూడకుండా బస్సెక్కాడు. దిగిపొమ్మంటే తర్వాతి స్టాపులో దిగిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు. నిజంగానే సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ వైపు చూశాడు. ఆవిడ కిటికీలోంచి తల తిప్పలేదు. విన్నది, వినకుండా ఎలా ఉంటుంది. కండక్టరు ఇంకోసారి అడిగాడు. నర్సు తల వంచుకుని గోళ్ళు చూసుకుంటోంది. బస్సు ఒక మలుపు తిరిగింది, ఇంకో మలుపు తిరిగింది. సంత వీధి నుంచి ఇక్కడిదాకా పడ్డ పరుగంతా ఆ రెండు మలుపుల ముందు ఏ మూలకూ రాలేదు.

ఆవిడ బయటికే చూస్తూ అంది.

“ఆయనక్కూడా చివరిదాకా ఇవ్వండి.”